చప్టా దగ్గర పిలుపు

డిసెంబరు పద్నాలుగు, శనివారం. ఆ రోజు తిన్నవి నల్లనువ్వుల పొడి అద్దిన ఇడ్లీలు. అరిటాకులో చుట్టి, పైన తడిగుడ్డ కప్పి, స్టీలు డబ్బాలో సర్దినవి. పక్కన చిన్న గిన్నెలో చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. జయరామన్ వాటిని వేలూరులో ఒక ఆసుపత్రి గేటు ఎదురుగా కారులో కూర్చుని, అద్దం మీద జారే వాన చూస్తూ తిన్నాడు. ఈ చేతి ఇడ్లీలు ఇక దొరకవేమో అనుకుంటూ తిన్నాడు కాబట్టి ఆ తేదీ అతనికి అలా నిలిచిపోయింది.

ఆ చేయి అతని అత్తగారిది. పేరు చిన్నమణి, డెబ్బై దాటిన మనిషి. ఆ సమయానికి వెనక సీట్లోనే ఉంది, కిటికీ వైపు ముఖం తిప్పుకుని. ఇడ్లీలు ఎలా ఉన్నాయని ఆమె అడగలేదు, బాగున్నాయని అతను చెప్పలేదు. గుడియాత్తం నుంచి వేలూరు దాకా వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. తగాదా ఏమీ లేదు. వాళ్ల ఇళ్లలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు, అంతే. అది పాత పద్ధతి. అల్లుడు ఇంట్లో ఉంటే వంటింటి తలుపు చాటున నిలబడాలి, చెప్పవలసింది కూతురితో చెప్పాలి.

ఆ కూతురు, జయరామన్ భార్య ఉమామహేశ్వరి ఉన్నన్నాళ్లూ అది ఇబ్బందిగా ఉండేది కాదు. "ఉమా, మీ ఇంటాయన్ని స్నానానికి పొమ్మను, నీళ్లు కాగినాయి" అని అత్త అంటే, రెండడుగుల దూరంలో ఉన్న జయరామన్, "పోతా ఉండానని చెప్పు ఉమా" అనేవాడు. ఉమ ఎవరికీ ఏమీ చేరవేయకుండా నవ్వి ఊరుకునేది.

ఉమ పోయి మూడేళ్లయింది. పోయిన కొత్తల్లో ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినపడలేదు. తర్వాత ఒక పొద్దున చిన్నమణి హాల్లో ఉమ పటం ముందు నిలబడి, "ఉమా, మీ ఇంటాయన నిన్నట్నించి సరిగ్గా తినలా. రెండు ముద్దలు తినమను" అంది. జయరామన్ కుర్చీలోంచి లేచి, తనూ పటం వైపే చూస్తూ, "సరే ఉమా, తింటా" అన్నాడు. ఆ రోజు నుంచి పటం ఆ పని అందుకుంది. కొత్తగా చూసినవాళ్లకు పిచ్చిగా తోచవచ్చు. జయరామన్‌కు మాత్రం రోజూ పదిసార్లు ఆ ఇంట్లో ఉమ పేరు వినపడటం ఒక ఊరటగా ఉండేది.

ఒక్క సంగతి మాత్రం ఉండేది. రాత్రి వీధి తలుపు వేయడం ఉమ పని. ఆమె పోయాక జయరామన్ వేస్తున్నాడు. చిన్నమణి ఆ ఇంట్లో అన్ని పనులూ చేసేది గాని ఏనాడూ వీధి తలుపు గడియ మీద చేయి వేయలేదు. అది అల్లుడి ఇల్లు. గడియ పడిన చప్పుడు వినపడ్డాక, వంటింటి పక్క గదిలో లైటు ఆరేది.

పోయిన వారం చిన్నమణి అన్న కొడుకు, కే.వి.కుప్పంలో స్థిరపడిన బాలాజి వచ్చాడు. అరుగుల మీద కూర్చుని మాట్లాడే రకం కాదు, నిలబడే చెప్పేశాడు.

"అన్నా, మీరు మంచోళ్లు, నేను కాదనలా. అయినా కూతురు లేని ఇంట్లో మా అత్త ఎన్నాళ్లని ఉంటాది? ఊర్లో నన్నడగతా ఉండారు, మీ అత్తని అల్లుడింట్లో వదిలేసినావా అని. వచ్చే ఆదివారం బండి తెచ్చి పిల్చుకోని పోతా."

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. జయరామన్‌కు వద్దు, ఉండమనండి, అనాలని ఉంది. కానీ ఆమెకు పుట్టింటి మనుషుల మధ్య ఉండాలని ఉంటే, తన మాట అడ్డంకి అవుతుంది కదా అనిపించింది. అందుకని పటం వైపు తిరిగి, "ఉమా, అంతా మీ అమ్మ ఇష్టం" అన్నాడు.

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. మర్నాడు చిన్నమణి అటక మీది ట్రంకు పెట్టె దింపించుకుంది. ఓహో, ఆమె ఇష్టం అదన్నమాట అనుకుని జయరామన్ ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ ఆదివారం రేపు.

గేటులోంచి రంజని పరిగెత్తుకుంటూ వచ్చింది, నెత్తి మీద హ్యాండుబ్యాగు పెట్టుకుని. జయరామన్ కూతురు. ఆసుపత్రి ల్యాబులో పని, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తోంది. అతనికి పిట్టల పిచ్చి అంటించింది ఈ పిల్లే. తల్లి పోయిన ఏడాది ఒక బైనాక్యులర్ కొని తెచ్చి, "ఆదివారం అంగట్లో కూర్చోని లుంగీలు మడత పెట్టేదానికంటే ఇది మేలు నాయనా" అంది. అప్పటి నుంచి జయరామన్ లుంగీల అంగడికి ఆదివారం తాళం వేసి, స్కూటర్ మీద మోర్ధానా ఆనకట్టకు పోయేవాడు.

"ఆనకట్ట కాడ పిట్టల్ని చూస్తే ఏమొస్తాదో అడుగు ఉమా" అని చిన్నమణి పటాన్ని అడిగింది ఒకసారి.

"ఏమీ రాదు ఉమా. పిట్టలు వస్తాయి, అంతే" అని చెప్పాడు జయరామన్.

రంజని వాళ్ల పక్షుల బృందం ఈ శనివారం పులికాట్ సరస్సుకు పోవాల్సింది. సముద్రంలో వాయుగుండం పుట్టిందని తెలిసి అందరూ మానుకున్నారు. రంజని తండ్రికి ఫోను చేసింది. "అందరూ వేండాం అనేసినారు నాయనా. నువ్వు వస్తావా? అవ్వని కూడా పిల్చుకోని రా. ఆదివారం పోయిందంటే మళ్ల ఎప్పుడు దొరకతాదో."

కారులో కూర్చోగానే రంజని డబ్బా అందుకుంది. "అవ్వా, ఎన్ని ఇడ్లీలు చేసినావు? వానకి భయపడి పిట్టలు రాకపోయినా, ఇడ్లీలకి వస్తాయి."

"వాగద్దు. తిను. మొగం చూడు ఎట్ల పీక్కోని పోయిందో. మీ నాయన తిన్నాడో లేదో అడుగు."

"నాయనా, తిన్నావా?"

"ఆరు తిన్నా."

"ఆరు తిన్నాడంట అవ్వా."

"నాకు చెవుడు లేదు" అంది చిన్నమణి.

వాన రాణిపేట దాకా సన్నగా ఉండి, అరక్కోణం దాటాక చిక్కబడింది. జయరామన్ నింపాదిగా నడిపాడు. పాత కారు. వైపరు ఒకటి బాగా తుడుస్తుంది, ఇంకొకటి తుడిచినట్టు నటిస్తుంది. బాగా తుడిచేది తన వైపు ఉండటం అదృష్టం అనుకున్నాడు. పొలాల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కరెంటు తీగల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవాలని విప్పి, ఆరే దారి లేక అలాగే నిలబడి ఉన్నాయి.

తడ ఊరు వచ్చేసరికి వెనక నుంచి ఒక విచిత్రమైన గొంతు మొదలైంది. మెల్లగా, కూడబలుక్కుంటూ.

"శ్రీ... వెంకటేశ్వర... టైర్ల... పంచరు షాపు. చల్లని... కొబ్బరి నీళ్లు. ఇచ్చట... సెల్‌ఫోన్లు... బాగు చేయబడును."

రంజని అటు తిరిగింది. జయరామన్ అద్దంలో వెనక్కి చూశాడు. చిన్నమణి ముఖం కిటికీకి ఆనించి, వీధి బోర్డులన్నీ ఒకటి వదలకుండా చదువుతోంది.

"అవ్వా! నీకు చదువొచ్చా?"

"ఎందుకు రాదు? పలమనేరు కాడ మా ఊర్లో అయిదో తరగతి దాకా చదివితిని. గుడియాత్తంలో అంతా అరవం రాసుంటారు. పెండ్లయి వచ్చినప్పట్నించి ఊరంతా నాకు మూగదైపాయె."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవురూ అడగలా."

తడలో టీ కోసం ఆగినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. టీ కొట్టతను వీళ్ల మాట విని, "చిత్తూరు వైపా మీరు?" అన్నాడు. గుడియాత్తం అంటే, తమిళనాడులో ఉండి ఇంత తెలుగా అని ఆశ్చర్యపోయాడు. "మా తాతల తాతలు అక్కడే" అని చెప్పాడు జయరామన్. "అయితే ఏం తింటారో చూసి చెప్పండి, అంతా అక్కడ రాసుంది" అని గోడ చూపించాడు అతను. తండ్రీ కూతుళ్లు గోడ వైపు చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలుగులో కలలు కనేవాళ్లే ఇద్దరూ. అక్షరాలు మాత్రం వాళ్లకు ముగ్గుల్లా కనపడుతున్నాయి.

"మిరపకాయ బజ్జీ, ఆలుగడ్డ బోండా, బాదం పాలు" అంది వెనక నుంచి చిన్నమణి, బడిపిల్లలా గొంతు పెంచి. "బల్ల మీద కాళ్లు పెట్టరాదు." అని రంజని కాళ్ల వైపు చూసింది. రంజని గబుక్కున కాళ్లు దించుకుంది.

జయరామన్ అలవాటుగా "ఉమా, మీ అమ్మకి" అని మొదలుపెట్టి, పటం లేదని గుర్తొచ్చి, టీ ఊదుకున్నాడు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఇది తెలియలేదే అనుకున్నాడు. రేపు పోయే మనిషి గురించి ఈ రోజు తెలియడం అతనికి దిగులుగా అనిపించింది.

సూళ్లూరుపేట దాటాక, సరస్సు నడిమధ్యగా పోయే రోడ్డు మొదట్లోనే పోలీసులు కార్లను వెనక్కి పంపుతున్నారు. గాలి మరీ ఎక్కువగా ఉందట. పల్లె దారుల్లో పోతే ఒడ్డు నుంచి కనపడతాయేమో చూసుకోండి అన్నాడు గొడుగు కిందున్న కానిస్టేబులు. రంజని ముఖం మాడింది. "ఫోటోలో ఎట్లుంటాయో తెల్సా అవ్వా? పూనారై, ఇంగ్లీషులో ఫ్లెమింగో అంటారు. పొడుగు కాళ్లు, లేత గులాబీ రెక్కలు."

"అంత పొడుగు కాళ్లతో ఎట్ల పండుకుంటాయి అవి? మడిచిపెట్టుకుంటాయా?"

"నాకూ తెలీదు. చూస్తే తెలుస్తాది" అని ఆవులించింది రంజని. పల్లె దారి పట్టిన కాసేపటికే అవ్వ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రాత్రంతా మేలుకున్న పిల్ల. దానితో కారులో మాట ఆగిపోయింది. అటు బోర్డులు చదవడమూ ఆగింది. అల్లుడికి వినపడేలా ఒంటరిగా చదవడం చిన్నమణికి బాగనిపించలేదేమో.

రెండు మూడు ఊళ్లు తిరిగారు. ఒక చోట ఉల్లంకి పిట్టలు, ఒక చోట చెట్టు నిండా తడిసి ముద్దయిన గూడబాతులు. పూనారైలు మాత్రం లేవు. చివరికి దారి ఒక వాగు దగ్గరికి తెచ్చింది. వంతెన లేదు. నీళ్లు తక్కువున్నప్పుడు దాటడానికి పోసిన సిమెంటు చప్టా, దాని మీదుగా ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. ఈ ఒడ్డున ఒక తాటి మొద్దుకు రేకు ముక్క ఒకటి ఆనించి ఉంది, దాని మీద తారుతో ఏదో రాసి. అలాంటి రేకులు దారి పొడుగునా చూశాడు జయరామన్. రొయ్యల గుంటల దగ్గర మేత అమ్మేవాళ్లు పెట్టేవి అనుకున్నాడు.

కారు ఆపి బైనాక్యులర్ ఎత్తాడు. వాగుకు అవతల, దూరంగా, బూడిద రంగు నీళ్లకూ బూడిద రంగు ఆకాశానికీ మధ్య ఒక సన్నటి లేత గులాబీ గీత. చీర అంచులా ఉంది. రంజనిని లేపాలనిపించింది. దాటగలమో లేదో చూసి వచ్చి లేపుదాం అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అతని తొందర రంజని కోసం కాదు. రేపు కే.వి.కుప్పం పోయే మనిషి, పూనారైలు ఆ పొడుగు కాళ్లు ఎలా మడుస్తాయో చూసి పోవాలని.

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు విడిచి, గొడుగు పట్టుకుని దిగాడు. చప్టా మీద నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. కాళ్ల కింద సిమెంటు గట్టిగా తగులుతోంది. పరవాలేదు, ఇంతే అయితే కారు పోతుంది, అనుకుంటూ నడిచాడు. గాలికి గొడుగు ఎదురు తిరిగింది. దాన్ని మూసి చేతికర్రలా పట్టుకున్నాడు. మధ్యకు వస్తుంటే నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. అయినా అవతలి ఒడ్డు ఎంతో దూరం లేదు.

"జయరామా!"

గాలిలో వచ్చింది ఆ పిలుపు. అతను ముందు అమ్మ అనుకున్నాడు. అతన్ని అలా పేరు పెట్టి పిలిచింది అమ్మ ఒక్కతే. ఆమె పోయింది ఏనాటి మాటో.

"జయరామా! నిలు నాయనా! అడుగు ముందుకెయ్యద్దు! తెగిపోయుండాదంట!"

వెనక్కి తిరిగి చూశాడు. చిన్నమణి వానలో నిలబడి ఉంది. నెత్తిన కొంగు లేదు. రెండు చేతులతో ఆ రేకు ముక్కను ఎత్తి పట్టుకుని, బడిలో పలక చూపించినట్టు అతనికి చూపిస్తోంది, అతనికి చదవడం రాదని మరచిపోయి.

అతను ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, ఉన్నచోటే దించాడు. గొడుగును ఒక అడుగు ముందుకు గుచ్చి చూశాడు. అది దేనికీ తగల్లేదు. పిడి దాకా దిగింది, ఇంకా దిగేలా ఉంది. నీళ్ల ఊపు దాన్ని చేతిలోంచి గుంజుకుంది. నల్లగొడుగు ఒకసారి పైకి తేలి, మెలి తిరిగి, చప్టా అవతలి పల్లంలోకి కొట్టుకుపోయింది.

జయరామన్ వెనక్కి నడవడం కూడా భయంగా నడిచాడు. ఒడ్డు ఎక్కాక తాటి మొద్దు మీద కూలబడ్డాడు. చిన్నమణి చేతిలో రేకు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"దీన్ని నేను చూసినా అత్తా" అన్నాడు. "రొయ్యల మేత బోర్డు అనుకున్నా."

ఇన్నేళ్లలో అతను ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"రొయ్యల మేతా!" అంది చిన్నమణి. "ఇంకొక్క అడుగు పోయుంటే నువ్వే మేతయ్యుండేవాడివి గదా, నా తండ్రీ! చప్టా తెగినది, దాటరాదు, అని ఇంత లావున రాసిపెట్టుండారు. రంజని లెయ్యే లెయ్యే అని కుదిపితే అది 'ఊ' అని అటు తిరిగి పండుకునె. ఇంకెవురితో చెప్పేది? పటమా పాడా ఈడ?"

ఆ మాట అనేసి కొంగు నెత్తి మీదికి లాక్కోబోయింది. అది తడిసి భుజానికి అంటుకుపోయి రాలేదు. "పేరు పెట్టి పిలిచేస్తి" అంది, నేల చూస్తూ. "మనసులో పెట్టుకోవద్దు."

"మా అమ్మ పోయినాక అట్ల ఎవురూ పిలవలా అత్తా" అన్నాడు జయరామన్.

ఆమె కారులోంచి తువ్వాలు తెచ్చి, అతని చేతికి ఇవ్వబోయి, ఇవ్వకుండా తానే అతని తల తుడిచింది, గట్టిగా, పిల్లవాడికి తుడిచినట్టు. ఆ తువ్వాలు కొంచెం ఇడ్లీల వాసన వేసింది. బతికి ఉండటం ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాడు జయరామన్.

అంతలో నెత్తి మీద యూరియా సంచి తొడుక్కున్న ఒక జాలరి చెరువు గట్టు మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. పేరు ఏసుదాస్ అని తర్వాత చెప్పాడు.

"ఏంది సారూ, పానాల మీద ఆశ లేదా? రాత్రి తెగింది. పొద్దున్నే బోర్డు పెట్టాం గదా!"

"నాకు చదవడం రాదప్పా."

"తెలుగు మాట్లాడతా చదవడం రాదా? ఇదేం యిడ్డూరం!"

"మా అల్లుడు బీఎస్సీ" అంది చిన్నమణి కోపంగా. "తెలుగు ఒకటి తప్ప అన్నీ చదివినాడు."

ఏసుదాస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వాడు. పిట్టల కోసం వచ్చామంటే ఇంకా నవ్వాడు. "వాటి కోసమా యింత సాహసం! గాలికి అక్కడ నిలవలేక సగం యిటే వచ్చి పడ్డాయి. మా వూరి ఎనక సరుగుడు తోపు చాటున ఉన్నాయి. కారు తిప్పుకుని నా ఎనకాలే రండి."

తోపు వెనక ఉప్పు కయ్యల్లో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడ గాలి తక్కువ. కారు ఆగిన చోటికి కూతవేటు దూరంలో, వందకు పైనే ఉంటాయి, పూనారైలు నిలబడి ఉన్నాయి. ఎగరడం లేదు, మేయడం లేదు. ఒంటికాలి మీద నిలబడి, పొడుగు మెడలు చుట్టగా చుట్టి రెక్కల్లో దాచుకుని, అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. మధ్య మధ్య బూడిద రంగు పిల్లలు. వాన వాటి మీద పడుతూనే ఉంది, అవి పడనిస్తున్నాయి.

"నిలబడుకోనే నిద్రపోతాయా!" అంది చిన్నమణి. చిన్న గొంతుతో, వాటిని లేపకూడదన్నట్టు. "ఒక కాలు మడిచి పెట్టుకునుండాయి చూడు నాయనా. నేను అనుకుంటినే, మడిచే పెట్టుకుంటాయని."

జయరామన్ బైనాక్యులర్ అందించాడు. "ఈ చక్రం తిప్పండి అత్తా, తేటగా కనపడతాది."

"తిప్పితి. అమ్మా, కన్ను కూడా కనపడతా ఉండాది! పచ్చగా ఉండాది."

వెనక సీట్లో రంజని లేచి కూర్చుంది. ముందు పక్షుల్ని చూసి కేక పెట్టబోయింది. తర్వాత తండ్రిని, అవ్వను చూసింది. ఇద్దరూ తడిసి ఉన్నారు. ఇద్దరూ ఒక బైనాక్యులర్‌ను మార్చుకుంటున్నారు. అన్నిటికంటే, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"ఏం జరిగింది ఈడ?"

"ఏమీ లేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నన్ను ఎందుకు లేపలా?"

"లేపితి. నువ్వు లేస్తివా?" అంది చిన్నమణి. "నువ్వు లేవకపోయిందే మేలాయె, పో."

వెంట తెచ్చిన పెరుగన్నం అక్కడే తిన్నారు, ఏసుదాస్‌కు కూడా పెట్టి. ఊరగాయ ఎవరు పెట్టారని అతను అడిగి మరీ ఇంకో ముక్క వేయించుకున్నాడు. జరిగినదంతా అతని నోటి నుంచే రంజనికి తెలిసింది. ఆ పిల్ల తండ్రి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు దారిలో పొద్దు వాలింది. వాన తగ్గుముఖం పట్టింది. అరక్కోణం దగ్గర రైలు గేటు పడింది. లారీల వెనక కారు ఆపి జయరామన్ ఇంజను కట్టేశాడు. ఇంకో గంటన్నరకు ఇల్లు. ఇల్లు వస్తే పటం ఉంటుంది, పటం ఉంటే మళ్లీ పాత కథే. అడగాల్సింది ఇక్కడే అడగాలి అని అతను గొంతు సవరించుకుంటుంటే ఫోను మోగింది. బాలాజి. చేతులు చల్లబడి ఉన్నందున ఫోను చెవిన పెట్టుకోకుండా స్పీకరు నొక్కాడు.

"అన్నా, రేపు తొమ్మిదికంతా వస్తా. అత్త పెట్టె సర్దుకునిందా?"

జయరామన్ వెనక్కి తిరిగాడు.

"అత్తా, మీకు పోవాలని ఉండాదా?"

"నాకెందుకుంటాది?" అంది చిన్నమణి వెంటనే. "నువ్వే గదా అంటివి, అంతా మీ అమ్మ ఇష్టం అని. ఉండమనేవాడు అట్ల అంటాడా? ఉండమంటాడు. ఈ ముసిల్ది ఎప్పుడు పోతాదా అని చూస్తా ఉండాడు, మంచోడు గాబట్టి బయటికి అనలేక పటం మీద పెట్టి అంటా ఉండాడు అనుకుంటి."

"అయ్యో, అది కాదత్తా. మీకు మీవాళ్ల కాడ ఉండాలని ఉంటే, నా మాట అడ్డం పడకూడదని అట్ల అంటిని. మీరు పెట్టె దింపినారు గదా, అదే మీ ఇష్టం అనుకున్నా."

"నువ్వు అట్ల అనినావని దింపితిని!"

"అలో? అన్నా? లైన్లో ఉండావా?" అంది ఫోను.

"ఉండు బాలాజీ" అన్నాడు జయరామన్. "మీరు పోతే ఆ ఇంట్లో ఉమా అని పిలిచేది ఎవురత్తా? నేను ఒక్కణ్ణే పిలిస్తే పిచ్చోడంటారు. మీరు ఉండాల. నాకోసరం ఉండాల."

రంజని కిటికీ వైపు తిరిగి, లేని పిట్టల కోసం చీకట్లోకి చూసింది. చిన్నమణి ముక్కు చీదుకుని, చేయి చాచి, "ఇట్లియ్యి దాన్ని" అని ఫోను తీసుకుంది. నోటికి దగ్గరగా పెట్టుకుని, కే.వి.కుప్పం దాకా నేరుగా వినపడాలన్నట్టు అరిచింది.

"ఒరే బాలాజీ! రేపు రా. వద్దనలా. వచ్చి భోంచేసి పో. నేను మాత్రం రాను."

"అది గాదత్తా, ఊర్లో అడిగితే ఏం చెప్పేది?"

"అల్లుడు ఉండమన్నాడని చెప్పు. పటంతో కాదు, నాతో చెప్పినాడని చెప్పు."

"ఏ పటం?"

"అది నీకు తెలీదులే. నీ పెండ్లాన్ని, పిల్లోల్ని కూడా పిల్చుకోని రా. సరేనా? పెట్టేస్తా ఉండా." అని ఎలా పెట్టేయాలో తెలియక ఫోను రంజనికి ఇచ్చింది.

పొడుగాటి గూడ్సు బండి ఒకటి తడిసిన చక్రాలతో కదిలిపోయింది. గేటు లేచింది. ముందున్న లారీలన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. జయరామన్‌కు ఆ మోత కూడా బాగానే ఉంది.

ఇల్లు చేరేసరికి గుడియాత్తంలో వాన వెలిసింది. చూరుల నుంచి చుక్కలు మాత్రం రాలుతున్నాయి. రంజని చెప్పులు విడిచిన చోటే విడిచి, నేరుగా మంచం మీద పడి నిద్రపోయింది. చిన్నమణి వేడి నీళ్లు కాచింది. పటం ముందు దీపం పెట్టి, పూలు మార్చి, ఒక నిమిషం నిలబడి చెప్పింది:

"ఉమా, మీ ఇంటాయన మంచి గొడుగు ఒకటి ఏట్లో పారేసి వచ్చినాడు. ఇంకేమీ పారేయలా. పిట్టలు నిలబడుకోనే నిద్రపోతాయంట."

జయరామన్ స్నానం చేసి పొడి లుంగీ కట్టుకుని హాల్లోకి వచ్చాడు. ట్రంకు పెట్టె గోడ పక్కన లేదు. ఎక్కడుందా అని చూస్తే వంటింటి పక్క గదిలో మంచం కిందికి, బాగా లోపలికి తోసి ఉంది. పడుకునే ముందు చేయాల్సిన పని గుర్తొచ్చి వీధి తలుపు వైపు నడిచాడు.

అప్పటికే చిన్నమణి అక్కడ ఉంది. గడప మీద నిలబడి తడిసిన వీధిని అటూ ఇటూ చూసింది. తర్వాత రెండు రెక్కలూ దగ్గరికి లాగి, లోపల పిల్ల నిద్ర లేవకుండా, గడియ చప్పుడు కానివ్వకుండా మెల్లగా వేసింది.